అలర్జీకి వేసుకునే ‘జలుబు మాత్ర’: తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు తగ్గి గడ్డి పూతకొచ్చిన దగ్గర్నుంచి సంక్రాంతి మంచు విడిచేదాకా మా మందుల షాపు కౌంటర్ దగ్గర రోజూ వినిపించే మాట ఇది: “పొద్దున లేస్తే తుమ్ములండీ, ముక్కు దిబ్బడ. ఏదైనా మంచి మాత్ర రెండు ఇవ్వండి.” నేను ఫార్మసిస్టుని. ఆ రెండు మాత్రలూ కత్తిరించి కవర్లో వేసి ఇచ్చేటప్పుడు నాకు ప్రతిసారీ బెంగగా ఉంటుంది. కత్తిరించిన ముక్క మీద పేరు పూర్తిగా ఉండదు, సగం అక్షరాలు షాపులో మిగిలిన ముక్కతోనే ఉండిపోతాయి. తీసుకెళ్లిన మనిషికి తాను ఏం మింగుతున్నాడో తెలియదు. జనం వరుసలో నిలబడి ఉండగా విడమరచి చెప్పే తీరిక దొరకదు కాబట్టి, అడిగేవాళ్లు అడిగే తీరులోనే ఒక్కో ప్రశ్నా తీసుకుని ఇక్కడ రాస్తున్నాను. ఇది మీ డాక్టర్ సలహాకు బదులు కాదు. ఆయన దగ్గర ఏం చెప్పాలో, ఏం అడగాలో తెలియడానికి మాత్రం పనికొస్తుంది.

నాకున్నది జలుబా, అలర్జీనా? తేడా ఎలా తెలుస్తుంది?

ముందు దురద ఉందో లేదో చూసుకోండి. అలర్జీ అయితే ముక్కు లోపల, కళ్లు, ఒక్కోసారి అంగిలి కూడా దురద పెడతాయి. తుమ్ములు ఒకటి రెండుతో ఆగవు, వరసపెట్టి పది పదిహేను వస్తాయి. ముక్కు నీళ్లలా కారుతుంది, జ్వరం ఉండదు. జలుబు అయితే ముందు గొంతు గరగరమంటుంది, ఒళ్లు నొప్పులుంటాయి, కొందరికి కాస్త జ్వరం కూడా వస్తుంది. వారం పది రోజుల్లో అదే సర్దుకుంటుంది. ఏటా అదే నెలలో ‘జలుబు’ పట్టి నెలన్నర వదలడం లేదంటే అది జలుబు కాదనే అనుకోవాలి.

మన ఊళ్లలో చాలామంది దీన్ని ‘ఈస్నోఫీలియా’ అంటారు. ఈసినోఫిల్స్ అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకం. అలర్జీలో అవి పెరిగే మాట నిజమే కానీ కడుపులో పురుగులున్నా పెరుగుతాయి. రక్తపరీక్షలో ఆ అంకె ఒక్కటే చూసుకుని ఏళ్ల తరబడి మాత్రలు మింగేవాళ్లను చూశాను. అంకె కన్నా మీకు ఏ కాలంలో, ఎక్కడ ఉన్నప్పుడు వస్తోందన్నది ముఖ్యం. పొలం గట్ల మీద వయ్యారిభామ, చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ, వానల తర్వాత పూతకొచ్చే గడ్డి, వరి నూర్పిళ్లప్పుడు లేచే దుమ్ము, ఇలా ఒక్కొక్కరికి ఒక్కోటి పడదు. విశాఖలో అయితే చలి మొదలయ్యే వేళ ఏడాకులపాల చెట్లు పూసినప్పుడు ఊపిరాడడం లేదని ఫిర్యాదు చేసేవాళ్లు చాలామంది. పాత పరుపుల్లో, దిండ్లలో ఉండే డస్ట్ మైట్స్ (కంటికి కనపడని పురుగులు) పడనివాళ్లకు మాత్రం ఏడాది పొడవునా ఇదే బాధ.

ఈ మాత్రలో అసలు ఏమేం ఉంటాయి?

నా ఎదురుగా ఉన్న ఒక స్ట్రిప్ వెనక్కి తిప్పి చదువుతున్నాను: సెటిరిజిన్ 5 మి.గ్రా., ఫినైలెఫ్రిన్ 10 మి.గ్రా., పారాసెటమాల్ 325 మి.గ్రా. పక్క అరలో ఇంకో కంపెనీది: క్లోర్‌ఫెనిరమిన్ 2 మి.గ్రా., ఫినైలెఫ్రిన్ 10, పారాసెటమాల్ 500. కొన్నిట్లో కెఫీన్ కూడా కలుపుతారు.

అంటే మీరు ఒక మాత్ర అనుకుని మింగేది మూడు మందులు. మొదటిది యాంటీహిస్టమిన్. పుప్పొడి తగిలినప్పుడు ఒంట్లో హిస్టమిన్ అనే పదార్థం విడుదలై తుమ్ములు, దురద, నీళ్లు కారడం తెస్తుంది. దాని పని సాగనివ్వకుండా ఈ మందు అడ్డుపడుతుంది. రెండోది డీకంజెస్టెంట్, అంటే దిబ్బడ తగ్గించడానికి వేసింది. మూడోది జ్వరానికి, నొప్పులకు. అలర్జీ ఉన్న మనిషికి జ్వరమే లేనప్పుడు ఆ మూడోదాంతో పనే లేదు. అయినా మాత్రలో ఉంది కాబట్టి రోజుకు మూడుసార్లు లోపలికి వెళుతూనే ఉంటుంది.

రోజూ సిట్రిజిన్ వేసుకుంటున్నాను. తుమ్ములు ఆగాయి కానీ దిబ్బడ పోలేదు. ఎందుకు?

దిబ్బడ అంటే ముక్కులో చీమిడి గట్టిగా పేరుకుపోవడం అనుకుంటాం. చాలాసార్లు అది కాదు. ముక్కు లోపలి గోడల్లో సన్నటి రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. అలర్జీ వచ్చినప్పుడు అవి ఉబ్బి, లోపలి పొర వాచి, గాలి పోయే దారి మూసుకుపోతుంది. అందుకే ఎంత చీదినా ఏమీ రాదు, ఊపిరి మాత్రం ఆడదు. రాత్రి ఒక పక్కకు తిరిగి పడుకుంటే కింది వైపు ముక్కు మూసుకుపోయి, అటు తిరిగితే ఇది తెరుచుకోవడం మీరూ గమనించే ఉంటారు. చీమిడే అడ్డమైతే అంత తొందరగా చోటు మారదు.

సెటిరిజిన్ లాంటి మందు తుమ్ములకు, దురదకు బాగా పనిచేస్తుంది. ఈ వాపు మీద దాని ప్రభావం తక్కువ. అందుకే రక్తనాళాలను బిగించే రెండో మందును జత చేశారు. ఆ బిగించే గుణం ముక్కు దగ్గరే ఆగితే ఏ చిక్కూ లేదు. నోటితో మింగిన మందు ఒళ్లంతా తిరుగుతుంది, అక్కడి రక్తనాళాలనూ బిగిస్తుంది. ఈ కలయిక మాత్రలతో వచ్చే ఇబ్బందుల్లో చాలా వాటికి మూలం ఇదే.

ఫినైలెఫ్రిన్ మింగితే పనే చేయదని విన్నాను. నిజమా?

నిజమే. 2023 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు సలహా ఇచ్చే నిపుణుల కమిటీలో 16 మందికి 16 మందీ, మామూలుగా అమ్ముతున్న మోతాదులో నోటి ద్వారా తీసుకునే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడను తగ్గించదని తేల్చారు. 2024 నవంబరులో ఎఫ్‌డీఏ దాన్ని చీటీ లేకుండా అమ్మే మందుల జాబితా నుంచి తీసేయాలని ప్రతిపాదించింది. మింగిన మందులో చాలా భాగం పేగుల్లోనే విరిగిపోయి, రక్తంలోకి చేరేది బహు తక్కువ కావడమే దీనికి కారణం. ముక్కులో వేసే చుక్కల రూపంలో అయితే ఇదే మందు పనిచేస్తుంది.

మన దగ్గర జలుబు మాత్రల్లో ఎక్కువ భాగం ఫినైలెఫ్రిన్ కలిపినవే. “మరి నాకు తగ్గుతోంది కదా” అంటారు. తుమ్ములు తగ్గించేది అందులోని యాంటీహిస్టమిన్, తలనొప్పి తగ్గించేది పారాసెటమాల్. నన్నడిగితే, తుమ్ములు, దురదే మీ బాధ అయితే ఒక్క యాంటీహిస్టమిన్ ఉన్న మాత్ర చాలు. ధర కూడా తక్కువే.

నోటి ద్వారా దిబ్బడకు నిజంగా పనిచేసేది సూడోఎఫెడ్రిన్. దాన్నుంచి మెథాంఫెటమిన్ అనే మత్తుపదార్థం తయారుచేసే వీలుంది కాబట్టి మన దేశంలో 2013 నాటి నియంత్రిత పదార్థాల ఉత్తర్వు కింద దాని తయారీ, అమ్మకాల మీద నిఘా ఉంది. జాగ్రత్తలు ఎక్కువ అవసరమైంది కూడా ఈ మందుకే.

నాకు బీపీ ఉంది. వేసుకోవచ్చా?

మందులు వాడుతూ బీపీ అదుపులో ఉంటే, డాక్టర్‌ని అడిగి, తప్పనిసరైతే రెండు మూడు రోజులు. అదుపులో లేకపోతే వద్దు. ఎంత ఉందో చూపించుకుని నెలలు దాటి ఉంటే కూడా వద్దు, ముందు చూపించుకోండి.

సూడోఎఫెడ్రిన్ మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే పై బీపీ సగటున ఒక పాయింటు మాత్రమే పెరిగింది. ఆ మాట చెప్పి ధైర్యం చేసేవాళ్లున్నారు. సగటు అంటే అందరికీ అంతే పెరిగిందని కాదు. చాలామందికి ఏమీ కాదు, కొందరికి బాగా పెరుగుతుంది. మీరు ఆ కొందరిలో ఉన్నారో లేదో మింగకముందు తెలియదు. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2024లో సూడోఎఫెడ్రిన్ మీద హెచ్చరికలు గట్టి చేసింది. బీపీ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లు, అదుపులో లేనివాళ్లు, కిడ్నీలు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లు వాడకూడదంది. అరుదుగానే అయినా మెదడులోని రక్తనాళాలు బిగుసుకుపోయిన సందర్భాలు బయటపడటమే దానికి కారణం. మాత్ర వేసుకున్నాక ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత తలనొప్పి, వాంతి, చూపు మసకబారడం, తికమక, ఫిట్స్ వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే వేసుకునే ముందు ఒకసారి, రెండు గంటల తర్వాత ఒకసారి చూసుకోండి. తేడా కనిపిస్తే ఆపేయండి.

బీపీ లేదు. ఇంకెవరు జాగ్రత్తపడాలి?

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా వీధిలో ఉండే రిటైర్డ్ మాస్టారు ఒకాయన సాయంత్రం పూట వచ్చి జలుబు మాత్రలు అడిగారు. షాపులో రద్దీ. ఏమీ అడక్కుండా నాలుగు కత్తిరించి ఇచ్చేశాను. ఆ రాత్రి రెండు గంటలకు ఆయనకు మూత్రం బిగుసుకుపోయింది. పొత్తికడుపు ఉబ్బి, నొప్పికి మెలికలు తిరిగిపోతుంటే కొడుకు స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకెళ్లాడు. గొట్టం వేస్తే గానీ ప్రాణం కుదుటపడలేదు. ఆయనకు అప్పటికే ప్రోస్టేట్ వాపు ఉంది, మందు కూడా వాడుతున్నారు. మర్నాడు ఆయన కొడుకు మిగిలిన రెండు మాత్రలూ తెచ్చి నా బల్ల మీద పెట్టి, “ఇవి వేసుకున్నారండీ” అన్నాడు. ఇంకే మాటా అనలేదు. ఆ రెండు మాత్రలు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నట్టుంటాయి. అప్పట్నుంచి వయసు మళ్లిన మగవాళ్లెవరు జలుబు మాత్ర అడిగినా, “బాబాయ్ గారూ, ఒంటికి సాఫీగా వస్తోందా?” అని అడగందే స్ట్రిప్ చేతిలోకి తీసుకోను.

ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లకు ఈ మాత్రలో రెండు వైపుల నుంచీ దెబ్బ. డీకంజెస్టెంట్ మూత్రం పోయే దారిని బిగిస్తుంది. క్లోర్‌ఫెనిరమిన్ లాంటి పాతరకం యాంటీహిస్టమిన్ మూత్రాశయం బలంగా ముడుచుకోకుండా చేస్తుంది.

నీటికాసుల వ్యాధిలో (గ్లాకోమా) కంటి లోపలి కోణం ఇరుకుగా ఉండే రకం ఉంది. ఆ రకం ఉన్నవాళ్లకు కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరగొచ్చు. గుండెజబ్బు, స్టెంటు, గుండె లయ తప్పడం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, అదుపులో లేని షుగర్, కిడ్నీ జబ్బు, గతంలో పక్షవాతం, వీటిలో ఏది ఉన్నా డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ మోతాదు కూడా తగ్గించాలి. ఆ సంగతి చాలామందికి తెలియదు.

వేరే మాత్రలు కూడా వాడుతున్నాను. కలిపి వేసుకోవచ్చా?

మా కౌంటర్ దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు పారాసెటమాల్‌దే. జలుబు మాత్ర మూడుపూటలా, దాంతోపాటు ఒళ్లునొప్పులని డోలో 650 మూడుపూటలా. లెక్క వేయండి: 500 చొప్పున మూడు, 650 చొప్పున మూడు, మొత్తం 3,450 మి.గ్రా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 4,000 దాటకూడదు. మధ్యలో తలనొప్పికి ఇంకొకటి వేసుకుంటే అంచుకు చేరినట్టే. మద్యం అలవాటున్నవాళ్లకు, లివర్ బాగోలేనివాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ.

దగ్గు సిరప్‌లలో కూడా క్లోర్‌ఫెనిరమిన్ చాలాసార్లు ఉంటుంది. మాత్రలో ఒకటి, సిరప్‌లో ఒకటి, దురదకని ఎవరో ఇచ్చిన ఏవిల్ ఒకటి కలిస్తే మూడు యాంటీహిస్టమిన్‌లు ఒకేసారి వేసుకున్నట్టు. మనిషి మగతగా పడి ఉంటే ఇంట్లోవాళ్లు జ్వరం నీరసం అనుకుంటారు.

ఇంకొకటి తక్కువమందికి తెలిసిన సంగతి. మొండి క్షయకు వాడే మందుల్లో లినెజోలిడ్ ఒకటి. దాంతో సూడోఎఫెడ్రిన్ లాంటివి కలిస్తే బీపీ ప్రమాదకరంగా పెరగవచ్చు. పార్కిన్సన్స్‌కు వాడే సెలెజిలిన్, రసాజిలిన్‌తోనూ, డిప్రెషన్‌కు వాడే ఎంఏఓ ఇన్హిబిటర్ రకం మందులతోనూ ఇదే చిక్కు. ఆ రకం డిప్రెషన్ మందులు ఆపేశాక కూడా 14 రోజులు ఆగాలి. నిద్రమాత్రలు, మద్యం తీసుకునేవాళ్లకు మగత రెట్టింపవుతుంది.

వేసుకుని బండి నడపొచ్చా?

క్లోర్‌ఫెనిరమిన్ ఉంటే నడపొద్దు. రాత్రి వేసుకున్నా మర్నాడు పొద్దున దాకా దాని మత్తు మిగిలి ఉండొచ్చు. మీకు తెలివిగానే ఉన్నట్టు అనిపిస్తుంది కానీ బ్రేకు వేయడంలో ఆలస్యం జరుగుతుంది. ఆటో, లారీ నడిపేవాళ్లు, ట్రాక్టర్ మీద, కోత మిషన్ మీద పనిచేసేవాళ్లు షాపులో ఆ మాట ముందే చెప్పాలి. సెటిరిజిన్‌తో మత్తు తక్కువే కానీ అసలు లేకపోలేదు. 10 మి.గ్రా. వేసుకున్నవాళ్లలో సుమారు నూటికి పద్నాలుగు మందికి మగత వచ్చినట్టు పరీక్షల్లో తేలింది. ఫెక్సోఫెనడిన్, లోరటడిన్‌లతో మత్తు చాలా తక్కువ. పరీక్షలు రాసే పిల్లలకు, రాత్రి డ్యూటీ వాళ్లకు నేను డాక్టర్‌ని ఇవి అడగమనే చెబుతాను.

సూడోఎఫెడ్రిన్‌ది దీనికి పూర్తి వ్యతిరేకం. నిద్ర పట్టనివ్వదు, గుండె దడ, చేతులు వణకడం, టెన్షన్‌గా ఉన్నట్టు అనిపించడం ఉంటాయి. అందుకే సాయంత్రం దాటాక వేసుకోకపోవడం మంచిది. మగత మందు, నిద్ర చెడగొట్టే మందు ఒకే మాత్రలో ఉన్నాయి కదా, ఒకదానికొకటి సరిపోతాయిలే అనుకోవద్దు. అలా సరిపోవు.

ఎన్ని రోజులు వాడొచ్చు?

కలయిక మాత్ర అయితే దిబ్బడ బాగా బాధపెట్టే మూడు నాలుగు రోజులు, మహా అయితే వారం. పుప్పొడి కాలం పొడుగునా కావాలంటే ఒట్టి యాంటీహిస్టమిన్‌కు మారాలి, లేదా కింద చెప్పిన స్ప్రేకి. సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ నెలలు, ఏళ్లు రోజూ వేసుకుని ఒక్కసారిగా ఆపేసినవాళ్లలో కొద్దిమందికి ఒళ్లంతా తీవ్రమైన దురద వస్తోందని 2025 మే నెలలో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అలాంటివాళ్లు “అలర్జీ మళ్లీ వచ్చింది” అనుకుని మాత్ర మళ్లీ మొదలుపెడతారు. చాలాకాలంగా వాడుతుంటే ఎలా ఆపాలో డాక్టర్‌తో మాట్లాడి ఆపండి.

పిల్లలకు సగం ముక్క ఇవ్వొచ్చా?

వద్దు. పెద్దవాళ్ల మాత్రను విరిచి పిల్లలకు ఇవ్వడం మన ఇళ్లలో మామూలైపోయింది. పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల ఒంటికి చిన్న అచ్చు కాదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద రాయాలని మన కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు. అయినా ఏడాది నిండని పిల్లలకు కూడా ‘జలుబు చుక్కలు’ అడుగుతూనే ఉంటారు.

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో ఒక సిరప్ తాగి 20 మందికి పైగా చిన్నపిల్లలు చనిపోయారు. ఆ సిరప్ ఈ కోవదే: పారాసెటమాల్, ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్. చంపింది ఆ మందులు కావు, కల్తీగా చేరిన డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం. అది కిడ్నీలను పాడుచేసింది. కానీ ఆ వయసు పిల్లలకు అసలు ఆ సిరప్ అవసరమే లేదన్న ఆలోచన నన్ను వదలదు. పసిపిల్లల ముక్కు మూసుకుపోతే మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు చాలు. పాలు తాగలేకపోతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

12 గంటలు పనిచేసే సూడోఎఫెడ్రిన్ మాత్రలు పన్నెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు?

గర్భంతో ఉన్నప్పుడు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, డీకంజెస్టెంట్ ఉన్న మాత్ర వద్దు. తుమ్ములు మరీ ఎక్కువైతే లోరటడిన్, సెటిరిజిన్‌లలో ఒకటి డాక్టర్లు రాస్తుంటారు. అది కూడా మీ డాక్టర్ చెప్పాకే. పాలిచ్చే తల్లులకు సూడోఎఫెడ్రిన్ పాలు తగ్గిస్తుంది. ఒక చిన్న అధ్యయనంలో 60 మి.గ్రా. ఒక్క డోసుకే ఆ రోజు పాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. “పాలు పడట్లేదు” అని బాలింత బాధపడుతుంటే, ఏం తిందో అడుగుతారు కానీ ఏ మాత్ర వేసుకుందో ఎవరూ అడగరు.

మా డాక్టర్ రాసిన దాంట్లో మాంటెలుకాస్ట్ ఉంది. అదీ ఇదీ ఒకటేనా?

కాదు. మాంటెలుకాస్ట్ అలర్జీకి, ఆస్తమాకు వాడే ఇంకో రకం మందు. లెవోసెటిరిజిన్, మాంటెలుకాస్ట్ కలిపిన మాత్ర మన దగ్గర చాలా ఎక్కువగా రాస్తారు. అందులో డీకంజెస్టెంట్ లేదు కాబట్టి బీపీ భయం లేదు. దాని భయం వేరు. మాంటెలుకాస్ట్‌తో కొందరికి పీడకలలు, చిరాకు, దిగులు, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయని 2020లో ఎఫ్‌డీఏ తన గట్టి హెచ్చరికను దానికి పెట్టింది. పిల్లాడు రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నా, మాటతీరు మారినా వెంటనే డాక్టర్‌కి చెప్పండి. ఆస్తమా కోసం రాసి ఉంటే మీ అంతట మీరు ఆపేయకండి.

అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వచ్చాం. ఇక్కడ పేరు చివర ‘డి’ ఉన్న మాత్ర ఇచ్చింది. వేసుకోనా?

ఈ ప్రశ్న నాకు ఫోన్లో ఏటా వస్తుంది. పిల్లల దగ్గరికి తల్లిదండ్రులు వెళ్లేది ఎక్కువగా వసంతంలో. అక్కడ ఓక్ లాంటి చెట్ల పుప్పొడి కార్ల మీద పచ్చగా పేరుకునే రోజులవి. జీవితంలో అలర్జీ ఎరగని మనిషికి కూడా అక్కడ మొదలవుతుంది. అల్లుడో కూతురో తమ అల్మారాలోని మాత్ర ఇస్తారు.

జిర్టెక్-డి, క్లారిటిన్-డి, అలెగ్రా-డి పేర్లలో ఆ ‘డి’ అంటే డీకంజెస్టెంట్. వాటిలో సూడోఎఫెడ్రిన్ 12 గంటల రకంలో 120, 24 గంటల రకంలో 240 మి.గ్రా. ఉంటుంది. బీపీ, స్టెంటు, ప్రోస్టేట్ ఉన్న అరవై ఏళ్ల మనిషికి ఇది అల్మారాలోంచి తీసి ఇచ్చేసే మందు కాదు. ‘డి’ లేని అదే మందు అక్కడే దొరుకుతుంది, చాలామంది పెద్దవాళ్లకు దాంతోనే సరిపోతుంది.

2006 నుంచి అక్కడ సూడోఎఫెడ్రిన్ మందులు కౌంటర్ వెనకే పెట్టి, గుర్తింపు కార్డు చూసి, సంతకం తీసుకుని ఇస్తారు. రోజుకు 3.6 గ్రాములకు మించి అమ్మరు. బయట అరల్లో ఎవరైనా తీసుకునేలా ఉండేవి ఎక్కువగా ఫినైలెఫ్రిన్‌వి. ఈ 12, 24 గంటల మాత్రలను నమలడం, విరవడం, పొడి చేయడం చేయకూడదు. రోజంతా మెల్లగా విడుదల కావాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది.

విదేశాలకు వెళ్లేటప్పుడు జలుబు మాత్రలు పట్టుకెళ్లొచ్చా?

వెళ్లే దేశం నియమాలు చూసుకుని. జపాన్‌లోకి సూడోఎఫెడ్రిన్ పది శాతానికి మించి ఉన్న మందులు తీసుకెళ్లడం నిషేధం. గల్ఫ్ దేశాల్లో మందుల నియమాలు చాలా కఠినం. పనికోసం వెళ్లేవాళ్లు డాక్టర్ చీటీ, అసలు స్ట్రిప్, పెట్టె దగ్గర ఉంచుకోవాలి, ముందుగా ఆ దేశపు రాయబార కార్యాలయంలో అడిగి వెళ్లాలి. ఊరివాళ్లకని ఎవరో ఇచ్చిన మాత్రల సంచి మాత్రం మోయొద్దు.

అమ్మాయి బ్యాడ్మింటన్ ఆడుతుంది. పోటీకి ముందు వేసుకోవచ్చా?

సూడోఎఫెడ్రిన్ ఉన్నదైతే వద్దు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రుమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రదుకాన్ ఇలాంటి మాత్ర వల్లే స్వర్ణం పోగొట్టుకుంది. అది ఆమె జట్టు డాక్టరే జలుబుకని ఇచ్చిన మాత్ర. ఇప్పటి నియమాల ప్రకారం పోటీ సమయంలో మూత్రంలో ఆ మందు ఒక మోతాదు దాటితే డోపింగే. ఒట్టి సెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్‌లకు ఆ ఇబ్బంది లేదు.

మాత్ర వద్దు, ముక్కులో చుక్కలు వేసుకుంటాను. అది సేఫే కదా?

జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. మూడు రోజులు, మహా అయితే ఐదు. అది దాటితే మందు దిగగానే ముక్కు ముందుకన్నా గట్టిగా మూసుకుపోతుంది, మళ్లీ చుక్కలు వేయాలి, మళ్లీ మూసుకుపోతుంది. జేబులో సీసా లేనిదే పడుకోలేని స్థితికి చేరినవాళ్లు నాకు తెలుసు. ఆ స్థితిలో ఉంటే సిగ్గుపడకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చెప్పండి, మానిపించే పద్ధతులు ఉన్నాయి.

స్టెరాయిడ్ స్ప్రే రాశారు. స్టెరాయిడ్ అంటే భయం.

ఈ భయం వల్ల మంచి మందు మూలన పడుతోంది. ఫ్లూటికసోన్, మొమెటసోన్ స్ప్రేలు ముక్కు లోపలి వాపునే తగ్గిస్తాయి, రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అలర్జీ దిబ్బడకు మాత్రల కన్నా ఇవే బాగా పనిచేస్తాయి. ఒక్క రోజులో ఫలితం చూపవు, వారం రెండు వారాలు రోజూ కొట్టాలి. “రెండు రోజులు కొట్టాను, పనిచేయలేదు” అని తిరిగి తెచ్చేవాళ్లకు నేను చెప్పేది అదే.

కొట్టే పద్ధతి చూపిస్తాను. తల కొద్దిగా ముందుకు వంచండి. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో కొట్టండి. అప్పుడు గొట్టం మూతి మధ్య గోడ వైపు కాకుండా బయటికి, చెవి వైపుకి తిరుగుతుంది. మెల్లగా ఊపిరి పీల్చండి, గట్టిగా ఎగబీల్చితే మందంతా గొంతులోకి పోతుంది. ముక్కు నుంచి రక్తపు చారలు పడుతున్నాయంటే చాలాసార్లు మధ్య గోడకు తగిలేలా కొడుతున్నట్టే.

ఆవిరి పట్టడం, ఉప్పునీళ్లు?

ఆవిరితో కాసేపు హాయిగా ఉంటుంది, అలర్జీని తగ్గించదు. పిల్లల దగ్గర మరుగుతున్న గిన్నె పెట్టొద్దు. ఉప్పునీళ్లతో ముక్కు కడగడం మాత్రం నిజంగా మేలు చేస్తుంది, పుప్పొడిని కడిగేస్తుంది. అర లీటరు నీళ్లకు టీ చెంచాకు కాస్త తక్కువ ఉప్పు. నీళ్లు మరగకాచి చల్లార్చినవే అయి ఉండాలి. కుళాయి నీళ్లు, బావి నీళ్లు నేరుగా ముక్కులోకి వద్దు. పత్రికలు ‘మెదడు తినే అమీబా’ అని రాసే నేగ్లేరియా ముక్కు దారినే లోపలికి పోతుంది.

మాత్ర దేంతో వేసుకోవాలి?

మంచినీళ్లతో. ఫెక్సోఫెనడిన్ అయితే బత్తాయి, కమలా, యాపిల్ రసాలతో అసలు వద్దు, మందు ఒంటికి పట్టడం తగ్గిపోతుంది. గ్యాస్‌కు తాగే అల్యూమినియం, మెగ్నీషియం మందులు కూడా దాంతో కలిపి తీసుకోవద్దు, మధ్యలో గంటల తేడా ఉండాలి.

ఎప్పుడు మాత్రలు మానేసి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి?

ఛాతీలో నొప్పి, ఆగని గుండె దడ, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, మూత్రం ఆగిపోవడం, కన్ను ఎర్రబడి నొప్పితో చూపు మసకేయడం, ముఖం లేదా పెదవులు ఉబ్బడం ఇవన్నీ అదే గంటలో చూపించుకోవాల్సినవి. పిల్లికూతలు, ఆయాసం ఉంటే అది ముక్కు దాటి ఊపిరితిత్తుల సంగతి, జలుబు మాత్ర దానికి మందు కాదు. ఒకే వైపు ముక్కు ఎప్పుడూ మూసుకుని ఉంటే, రక్తం పడుతుంటే అలర్జీ అని సరిపెట్టుకోకండి.

షాపులో రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చారు. పేరు కనిపించడం లేదు. ఏం చేయాలి?

ఇంటికి తెచ్చేసుంటే వేసుకోకుండా ఆ ముక్క తీసుకుని మళ్లీ వెళ్లి అడగండి. ఈసారి కొనేటప్పుడు కత్తెర పెట్టకముందే “ఒక్క నిమిషం అండీ” అని స్ట్రిప్ తీసుకుని, వెనక వైపు మందుల పేర్లు, ఎక్స్‌పైరీ తేదీ కనిపించేలా ఫోన్లో ఫోటో తీసుకోండి. చూపు ఆనని పెద్దవాళ్లయితే షాపులోనే చదివించుకుని, “ఇందులో బీపీ పెంచేది ఉందా?” అని ఒక్క మాట అడగండి. మా దగ్గరికి వచ్చి అలా అడిగితే నాకు కోపం రాదు, విసుగూ రాదు. ఆ మాస్టారు అడిగి ఉంటే, లేదా నేనే అడిగి ఉంటే, ఆ రాత్రి ఆయనకు ఆ నొప్పి తప్పేది.